‘ఆరోగ్య నికేతన్’: చావు కబురు ముందే చెప్పాలా?

పర్లాకిమిడి మాస్టారు:
ఈ నెల మా చదువరులం తారాశంకర్ బంద్యోపాధ్యాయ్ బెంగాలీ నవల ‘ఆరోగ్య నికేతన్’ (1953) మీద మాట్లాడుకున్నాం. 1956లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల ఇది. ఆయుర్వేద వైద్యుడు జీవన్ మహాశయుడు నాడి పట్టి చావును పసిగడతాడు. కన్నకొడుకు నాడిలోనూ దాన్నే చూశాడు. కొత్త డాక్టరు ప్రద్యోత్‌కు ఇదంతా క్రూరంగా తోస్తుంది. నా మట్టుకు మహాశయుడిదే పైచేయి. చావును ఒప్పుకోవడం విశ్వాసమే నేర్పగలదు, సైన్సు వల్ల కాదు. మీరేమంటారు?

బరంపురం నర్సు:
మాస్టారూ, కమ్మరి మోతీ తల్లిని మరిచారా? కింద పడిన ఆ ముసలమ్మ ఇక బతకదన్నది మహాశయుడే. ప్రద్యోత్ వైద్యంతో ఆమె బతికింది. నాడి తప్పిందని రచయితే చూపించాక పైచేయి ఎక్కడిది?

రాయగడ చదువరి:
ఎవరు గెలిచారన్న లెక్కతో ఈ నవల చదవలేను. అందులో మృత్యువు పేరు పింగళకేశిని. గుడ్డిది, చెవిటిది. ఏడ్చేవాళ్లు ఆమెకు కనబడరు, వినబడరు. భారతంలోనూ మృత్యుదేవత ప్రాణాలు తీయలేనని ఏడుస్తుంది, ఆ కన్నీళ్లే రోగాలవుతాయి. చంపవలసినదే ముందు ఏడ్చిందన్న ఊహ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

మా అన్నయ్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. అమ్మ మా ఊరి దేవత మజ్జిగౌరమ్మకు మొక్కుకుని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టింది. ఆ ముడుపును డయాలసిస్ కాగితాల సంచిలోనే పెట్టేది. వారానికి రెండుసార్లు రెండూ కలిసే బస్సెక్కేవి. ఏనాడూ ఒక్క మందు మాననివ్వలేదు. ఒకరోజు డాక్టరు గుమ్మంలో నిలబడే, ‘ఇంక ఇంటికి తీసుకెళ్లండి’ అని వెళ్లిపోయారు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఏడేళ్లయినా అమ్మ ఆ గుమ్మాన్నే తలుచుకుంటుంది. మహాశయుడు రోగి మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పేవాడు. నాడి తప్పినా ఒప్పయినా ఆ చెయ్యి ఉంది కదా! మాస్టారూ, దాన్ని విశ్వాసం ఖాతాలో వేయకండి. ప్రద్యోత్ కూడా చేయగలిగిన పనే అది.

పర్లాకిమిడి మాస్టారు:
తల్లీ, ‘సైన్సు వల్ల కాదు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ముడుపు లేకుండా మీ అమ్మగారు అన్నిసార్లు బస్సెక్కగలిగేవారా?

రాయగడ చదువరి:
ఎక్కగలిగేది కాదు, మాస్టారూ.

బరంపురం నర్సు:
అక్కా, ఆ గుమ్మంలో నేనూ నిలబడ్డాను. రాత్రి వార్డులో నలభై మందికి ఇద్దరం. ఒకరి దగ్గర కూర్చుంటే పక్క మంచం సెలైన్ అయిపోతుంది. మహాశయుడికి అంత తీరిక ఎలా దొరికిందో, ఈసారి అది చూడటానికే మళ్లీ చదువుతాను.