యుద్ధం అన్నాక ఆడోళ్ల మీద అఘాయిత్యాలు మామూలేనా?

ఎచ్చెర్ల_పీజీ:
మాది ఆమదాలవలస దగ్గర పల్లె, మా ఊళ్లో ఆర్మీకి వెళ్లినోళ్లు చాలామంది. మొన్న పెళ్లి భోజనాల్లో 2023లో మణిపూర్ గొడవల్లో ఆడోళ్లని బట్టల్లేకుండా ఊరేగించిన వీడియో మాట వస్తే మా పెదమావ, ఆయనా రిటైర్డ్ జవానే, "గొడవలన్నాక ఇలాంటివి జరుగుతాయి, ఎవడాపుతాడు" అనేసి పెరుగు వేయించుకున్నాడు, చుట్టూ ఉన్నోళ్లు తలూపేసారు. నిజంగా ఎవరూ ఆపలేనిదేనా? ఎప్పుడైనా ఎవడికైనా శిక్ష పడిందా?

వంశధార_లా:
మీ మావనే అడగండి, ఆయన యూనిట్‌లో ఎవడైనా ఇలాంటి పని చేస్తే సీఓ (యూనిట్‌కి పెద్ద ఆఫీసర్) ఊరుకునేవాడా అని. పైవాడు ఊరుకోడని తెలిస్తే కిందవాడు చెయ్యడు, అంతే. అన్ని సైన్యాలూ ఒకేలా లేవు కూడా, శ్రీలంకలో తమిళ టైగర్లు, అదే ఎల్‌టీటీఈ, ఎంతమందిని చంపినా మామూలు జనం మీద అత్యాచారాలు మాత్రం చాలా తక్కువ అని పరిశోధకులే రాసారు. అదే బోస్నియాలో ఫోచా అనే ఊరు చూడండి, 1992 యుద్ధంలో ఆడోళ్లనీ చిన్న ఆడపిల్లల్నీ స్పోర్ట్స్ హాల్లో పెట్టి రాత్రిళ్లు సైనికులొచ్చి కావలసినోళ్లని తీసుకుపోయేవారు, పోలీస్ స్టేషనేమో పక్కనే. ఇది ఆవేశంలో జరిగిపోయిందంటే ఎవడు నమ్ముతాడు? 2001లో అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో ముగ్గురికి 28, 20, 12 ఏళ్లు పడ్డాయి.

రువాండా కేసు ఇంకా చదవాలి, 1994లో అక్కడ టుట్సీ జాతివాళ్లని ఊచకోత కోసినందుకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్‌లో నడిచింది. అకయేసు అని టాబా మేయరు, మొదట్లో అతని చార్జిషీట్‌లో అత్యాచారం ఊసే లేదు. సాక్ష్యం చెప్తున్న ఒకావిడ మాటల మధ్యలో తన ఆరేళ్ల కూతురికి జరిగింది చెప్పింది. అప్పటికి ఆ ట్రిబ్యునల్‌లో ఒకే ఒక్క మహిళా జడ్జి, నవనీతం పిళ్లై, సౌతాఫ్రికా తమిళావిడ. ఆవిడ ఆ మాట అక్కడితో వదలకుండా అడుగుతూ పోయింది, 1997లో అభియోగాలే మార్చారు. 1998 సెప్టెంబర్ 2న తీర్పు, అత్యాచారం కూడా జాతి నిర్మూలనలో భాగమే అని మొదటిసారి తేల్చింది. అకయేసు స్వయంగా చెయ్యకపోయినా దగ్గరుండి ఎగదోసినందుకు కూడా బాధ్యుణ్ణి చేసారు, యావజ్జీవం పడింది.

బొబ్బిలి_బుల్లోడు:
ఇవన్నీ ఎక్కడో ఫారిన్ కబుర్లు గురూ. మన దేశంలో ఏటి జరిగింది చెప్పు.

సాలూరు_అక్క:
మన దేశం దాకా ఎందుకు తమ్ముడూ, వాకపల్లి ఎంత దూరం? జి.మాడుగుల మండలం. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ వాళ్లు, అదే మావోయిస్టుల కోసం పెట్టిన స్పెషల్ పోలీసులు, తమ మీద అత్యాచారం చేసారని 11 మంది కోదు గిరిజన ఆడవాళ్లు చెప్పారు. విచారణ మొదలవ్వడానికే పదేళ్లు పైన పట్టింది, అదీ సుప్రీంకోర్టు చెప్తే. 2023 ఏప్రిల్లో విశాఖ కోర్టు నిందితులైన పోలీసులందర్నీ నిర్దోషులని వదిలేసింది, కానీ దర్యాప్తు సరిగా చెయ్యలేదని అదే కోర్టు అంది, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. దర్యాప్తు చేసిందీ పోలీసే కదా, నాకైతే మొత్తం కథ అక్కడే ఉంది. ఆ మొదటి రెండు మూడు రోజుల్లో పోయిన సాక్ష్యం పదహారేళ్లకి తెమ్మంటే ఎక్కణ్ణించి తెస్తారు.

వంశధార_లా:
అక్క చెప్పింది కరెక్ట్. చట్టం లేక కాదు, డ్యూటీ మీద పంపిన ప్రాంతంలో సాయుధ బలగాలోడు ఈ పని చేస్తే కనీసం పదేళ్లు అని 2013 నుంచీ ఉంది, ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 64వ సెక్షన్‌లో. ఏఎఫ్‌ఎస్‌పీఏ, అంటే సాయుధ బలగాలకి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం, ఉన్న చోట మాత్రం కేసు నడపాలంటే కేంద్రం పర్మిషన్ కావాలి. ఇలాంటి కేసులకి ఆ పర్మిషన్ తీసెయ్యమని నిర్భయ ఘటన తర్వాత వేసిన వర్మ కమిటీ చెప్పింది, తియ్యలేదు.

ఎచ్చెర్ల_పీజీ:
థాంక్స్ అండి. వాకపల్లి తీర్పు కాపీ దొరుకుతాదా, సెమినార్‌కి ఇదే తీసుకుందామనుకుంటున్నాను.

వంశధార_లా:
ఈకోర్ట్స్ సైట్‌లో విశాఖ జిల్లా కోర్టు కింద వెతకండి. ఆ ఆడవాళ్ల పేర్లు ఎక్కడైనా కనిపిస్తే స్లైడ్లలో పెట్టొద్దు, ఇక్కడా రాయొద్దు, అది నేరం.