సంతకం పెట్టాక ఇంకో ఆఫర్ వచ్చింది, ఏం చేయమంటారు?

నంద్యాల కుర్రాడు, మారతహళ్ళి:

అన్నలకు, అక్కలకు నమస్తే. ఐదేళ్ళుగా బెంగళూరులో ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తున్నా. నోటీస్ పీరియడ్ 60 రోజుల్లో ఇంకా 16 మిగిలాయి. పోయిన నెలలో ఒక కంపెనీ ఏడాదికి 18 లక్షల ఆఫర్ ఇస్తే సంతకం పెట్టి పంపేశాను. నిన్న ఇంకో కంపెనీ 15.5 లక్షలకు ఓకే చెప్పింది. లెటర్ ఇంకా రాలేదు, జీతం వివరాల షీట్ మాత్రం మెయిల్ చేశారు.

"18 చేతిలో ఉండగా ఆలోచన దేనికి?" అంటున్నారు ఫ్రెండ్స్. రాత్రి రెండూ మంచం మీద పరుచుకుని విడదీసి రాశాను. 18లో ఫిక్స్‌డ్ 13.8. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 1.8, జాయినింగ్ బోనస్ 1.5. మిగతా 90 వేలు కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ. రెండోదానిలో ఆ 90 వేలు పోగా 14.6 మొత్తం ఫిక్స్‌డే. అంటే నెల నెలా వచ్చేది రెండోదానిలోనే ఆరున్నర వేలు ఎక్కువ!

పైగా మొదటిది ఎలక్ట్రానిక్ సిటీలో, వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్ళాలి. ఇక్కడి నుంచి సిల్క్ బోర్డు జంక్షన్ దాటి పోవాలంటే సాయంత్రం పూట గంటన్నర. ఎల్లో లైన్ మెట్రో ఎక్కాలన్నా ముందు సిల్క్ బోర్డు దాకా రోడ్డు మీదే పోవాలి కాబట్టి నాకు పెద్దగా పనికిరాదు. రెండోది బెళ్ళందూరులో, మూడు రోజులే.

మనసు రెండోదాని మీదే ఉంది. నాన్నకు చెబితే "మాట ఇచ్చి వెనక్కి పోవడమేంది రా" అన్నాడు. అప్పటి నుంచి నిద్ర లేదు. మా పీజీలో ఒకతను, ముందు మొదటిదానిలో చేరిపో, లెటర్ రాగానే దూకెయ్ అంటున్నాడు.

వైట్‌ఫీల్డ్ అన్న:

తమ్ముడూ, చేరి దూకడం మాత్రం వద్దు. చేరగానే నీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కింద ఆ కంపెనీ పేరు పడుతుంది. వాళ్ళు ఎగ్జిట్ డేట్ (నువ్వు మానేసిన తేదీ) వేయకపోతే, నువ్వే వేసుకోవడానికి రెండు నెలలు ఆగాలి. ఈలోపు కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో రెండు ఉద్యోగాలు కనిపిస్తాయి.

జాయినింగ్ బోనస్ షరతు కూడా చదువు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు. చాలాచోట్ల టాక్స్ పోగా నీకొచ్చింది కాదు, మొత్తం లక్షన్నర అడుగుతారు. వేరియబుల్ పోయినేడు ఎంత శాతం ఇచ్చారో అక్కడ పనిచేసేవాళ్ళను అడుగు. పూర్తిగా ఇస్తుంటే, జాయినింగ్ బోనస్ కలపకుండానే ఏడాది మొత్తం మీద మొదటిదే లక్ష ఎక్కువ, అది మర్చిపోకు.

ఒంగోలు నుంచి:

నాకు జరిగింది చెబుతా. హెచ్ఆర్ ఫోన్లో "లెటర్ రేపు వస్తుంది" అంటే నమ్మి, చేతిలో ఉన్న ఆఫర్ వదిలేశాను. వారం తర్వాత ఆ పొజిషనే ఆగిపోయిందన్నారు. రెండు నెలలు ఖాళీగా, పీజీ అద్దెకు అన్నయ్యను అడగాల్సి వచ్చింది. జీతం, జాయినింగ్ తేదీ ఉన్న లెటర్ రాకుండా మొదటివాళ్ళకు నో చెప్పొద్దు బ్రదర్.

హెచ్ఆర్ అక్క, కోరమంగల:

పై మాట నిజమే. లెటర్ వచ్చేదాకా ఆగు. కానీ వచ్చిన రోజే చెప్పు. ఎనిమిదేళ్ళుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. ఆఫర్ తీసుకుని రానివాళ్ళు మాకు కొత్త కాదు, ముందే చెప్పినవాళ్ళ మీద కోపం ఉండదు.

ఒకసారి సోమవారం జాయినింగ్. ఐడీ కార్డు ప్రింట్ అయి నా సొరుగులో ఉంది. ల్యాప్‌టాప్ మీద ఆ అబ్బాయి పేరు స్టిక్కర్ అంటించి రిసెప్షన్ బల్ల మీద పెట్టాం. పదకొండు దాటింది, ఫోన్ స్విచాఫ్. అదే ఉద్యోగానికి రెండో స్థానంలో కడప అమ్మాయి ఉండేది. "సీటు నిండిపోయిందమ్మా" అని నేనే ఆమెకు చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆమెకు ఫోన్ చేస్తే, అప్పటికే తక్కువ జీతానికి వేరేచోట చేరిపోయింది. పది రోజుల ముందు తెలిసుంటే ఆ పిల్లకు దక్కేది. అది నేను మర్చిపోలేను.

మెయిల్ పెట్టి ఊరుకోకు తమ్ముడూ, ముందు ఫోన్ చెయ్యి. అబద్ధపు కారణాలు వద్దు. ఇంటికి దగ్గర, మూడు రోజుల ఆఫీసు అని ఉన్నదే చెప్పు. జీతం పెంచుతాం అంటే, వెళ్ళే ఉద్దేశం లేకపోతే బేరం పెట్టొద్దు. ఆ తర్వాతే మెయిల్.

నంద్యాల కుర్రాడు:

అక్కా, లెటర్ శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. తేదీ, జీతం అన్నీ సరిచూసుకుని సంతకం పెట్టాను. సాయంత్రమే పీజీ మేడెక్కి మొదటి కంపెనీ హెచ్ఆర్‌కు ఫోన్ చేశాను. వాటర్ ట్యాంకు మోటారు మోతకు సగం వినపడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "హైబ్రిడ్ ఇప్పిస్తే వస్తారా?" అన్నారు, అంటే కొన్ని రోజులు ఇంటి నుంచి పని. లేదు మేడమ్, అక్కడ సంతకం పెట్టేశాను, క్షమించండి అన్నాను. "ఇంకా ల్యాప్‌టాప్ బుక్ చేయలేదు లెండి, ఈ రోజే మెయిల్ పెట్టండి" అన్నారు. మేడ మీద నుంచే పెట్టేశాను. నాన్నకు ఇప్పుడే చెప్పాలి.