యమహా ఆర్ఎక్స్ 100 బండికి చాంబర్, ఓపెన్ ఫిల్టర్ వేశాక సగం రేసులో తడబాటు: స్క్రూ తిప్పితే చాలా, జెట్లు మార్చాలా?

నాచారం రైడర్:
మా మేనమామ గారి నుంచి నాకు వచ్చిన 1994 నాటి ఆర్ఎక్స్ 100కు గత నెలలో చాంబర్ సైలెన్సర్ బిగించి, ఫిల్టర్ పెట్టె తీసేసి ఓపెన్ ఫిల్టర్ వేయించాను. గాలిని, పెట్రోలును కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ మాత్రం కంపెనీ ఇచ్చిన మికుని వీఎం20. ఐడిలింగ్‌లో బండి బాగానే ఆడుతోంది కానీ, యాక్సిలరేటర్‌ను పావు రేసు నుంచి సగం రేసు వరకు తిప్పేటప్పుడు ఊపిరి అందనట్టు తడబడి, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటోంది. రేసు వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగడం లేదు. ప్లగ్ తెల్లగా ఉంది. చోక్ సగం వేస్తే తడబాటు దాదాపుగా పోతోంది. ఒక మెకానిక్ కార్బురేటర్ స్క్రూ తిప్పితే సరిపోతుందన్నారు, ఇంకొకరు పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల జెట్లు మార్చక తప్పదన్నారు. ఎవరి మాట వినాలి?

రాణిగంజ్ మెకానిక్:
చోక్ వేస్తే బాగుపడుతోందంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోందని అర్థం. ముందు గాలి స్క్రూను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒక చుట్టు మాత్రమే విప్పి చూడండి. స్క్రూ లోపలికి వెళ్లేకొద్దీ గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, అంటే అందులో పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ బళ్లు చేస్తున్నాను, చేతికి వచ్చిన వాటిలో సగం దీనితోనే దారిలో పడ్డాయి.

కొత్తపేట ఇంజినీర్:
మెకానిక్ గారూ, క్షమించండి, మీరు చెప్పింది తలకిందులుగా ఉంది. స్క్రూ విప్పితేనే పెట్రోలు పెరుగుతుంది. నా పల్సర్‌కు నేనే స్వయంగా ఎన్నోసార్లు చేసుకున్నాను. మీ మాట విని ఈ అబ్బాయి స్క్రూ బిగిస్తే ఉన్న కాస్త పెట్రోలు కూడా అందక పిస్టన్ పట్టేస్తుంది.

రాణిగంజ్ మెకానిక్:
మీ పల్సర్ సంగతి నేను మాట్లాడలేదు. ఆర్ఎక్స్ 100 గురించి అడిగారు, దాని గురించే చెప్పాను.

తార్నాక తమ్ముడు:
స్క్రూ ఫిల్టర్ వైపు ఉందా, ఇంజిన్ వైపు ఉందా అన్నది చూడకుండా ఇద్దరూ వాదిస్తున్నారు.

కొత్తపేట ఇంజినీర్:
తార్నాక సోదరుడు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఫిల్టర్ వైపున్న స్క్రూ గాలిని కొలుస్తుంది కనుక బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది; నా బండిలోలాగా ఇంజిన్ వైపున్న స్క్రూ తయారైన మిశ్రమాన్ని వదులుతుంది కనుక విప్పితే చిక్కబడుతుంది. అయినా నా అసలు అభ్యంతరం అలాగే ఉంది. ఆ స్క్రూ, పైలట్ జెట్ కలిసి పనిచేసేది ఐడిలింగ్ నుంచి సుమారు పావు రేసు వరకే. పావు నుంచి ముప్పావు దాకా రాజ్యం రేసుతో పాటు పైకి లేచే సూది, అంటే నీడిల్‌ది, ఆపైన మెయిన్ జెట్‌ది. తడబాటు పావు దాటాక వస్తోందని అడిగినాయన స్పష్టంగా రాశారు. అలాంటప్పుడు నీడిల్‌ను పట్టి ఉంచే క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఓపెన్ ఫిల్టర్ వేశారు కనుక మెయిన్ జెట్ కూడా ఒకటి రెండు సైజులు పెంచాలి. ఇంకొక మాట. ఇప్పుడు బంకులో దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ కలిపిన పెట్రోలుకు సుమారు 13.5 కిలోలు చాలు. అంటే 1994 నాటి జెట్‌తో, బండికి ఏ మార్పూ చేయకపోయినా, మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడే ఉంది.

బోయిన్‌పల్లి పాఠకుడు:
మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం చట్టం అనుమతించని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. ఆ చాంబర్ తీసేస్తే సగం సమస్య పోతుంది కదా.

రాణిగంజ్ మెకానిక్:
ఇంజినీర్ గారూ, లెక్కలు బాగున్నాయి. కానీ రేసు వదిలినా వేగం దిగడం లేదన్న మాటను మీరు వదిలేశారు. అది ఎక్కడి నుంచో దొంగగాలి లాగుతున్న గుర్తు. కార్బురేటర్‌కు, ఇంజిన్‌కు మధ్య ఉన్న రబ్బరు ముప్పై ఏళ్లకు పగలకుండా ఉంటుందా? ఆ గాలి ఆగకుండా జెట్టు పెంచితే కుండకు చిల్లి ఉంచి నీళ్లు పోసినట్టే. జెట్లు మార్చమని కాగితం మీద చెప్పడం సులభం.

కొత్తపేట ఇంజినీర్:
కాగితం మీద చెప్పడం లేదు. 2021లో నా స్నేహితుడి ఆర్ఎక్స్‌ను నగరంలోని ఒక షాపులో ట్యూనింగ్‌కు ఇచ్చాం. శామీర్‌పేట దాటాక ఇంజిన్ పట్టేసి వెనుక చక్రం బిగుసుకుపోయింది, వాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. విప్పి చూస్తే వెనకటి కంటే చిన్న మెయిన్ జెట్ ఉంది. మైలేజీ బాగా రావాలని వేశారట. మాకు ఒక్క మాట చెప్పలేదు. చెవితో విని ట్యూన్ చేస్తామనేవారి మీద నాకు నమ్మకం పోయింది.

రాణిగంజ్ మెకానిక్:
ఎవరో చేసిన తప్పును నా తల మీద పెట్టకండి. మైలేజీ కావాలి, పికప్ కావాలి, డబ్బు మాత్రం తక్కువ కావాలని అడిగేది ఎవరు? వీడియో చూసి జెట్టును రాగి తీగతో గెలికి, రంధ్రం పెద్దది చేసుకుని, బండి మొరాయించాక మా దగ్గరికి తెచ్చి "ఏమీ ముట్టుకోలేదు" అంటారు. లోపల ఏముందో తెలియని కార్బురేటర్‌ను నేను ఎలా సరిచేయాలి?

కొత్తపేట ఇంజినీర్:
మేము అడిగేదీ అదే. లోపల ఏం వేశారో, ఏం మార్చారో మీరు మాకు ఎందుకు రాసివ్వరు? కొలతలు బయటపెడితే కస్టమర్ పక్క షాపుకు వెళ్లిపోతాడనే కదా?

రాణిగంజ్ మెకానిక్:
కొంత నిజం ఉంది. మా గురువు గారు మాకే చెప్పలేదు, పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాం. అయితే రాసిస్తే కస్టమర్ కూడా తాను చేసింది రాసి తేవాలి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

నాచారం రైడర్:
మీ ఇద్దరి మాటా పట్టుకుని ఆదివారం కార్బురేటర్ విప్పాను. రబ్బరు లోపలి అంచున గోరు పట్టేంత పగులు ఉంది. పుత్లీబౌలిలో కొత్తది దొరికింది. మెయిన్ జెట్ రంధ్రం వెలుగులో చూస్తే గుండ్రంగా లేదు, ఎవరో గెలికినట్టే ఉంది. నేను మాత్రం కాదు. దాని స్థానంలో, పాత దాని మీదున్న అంకె కంటే ఒక సైజు పెద్ద మికుని జెట్ వేశాను. వేరే కంపెనీ జెట్ మీద అదే అంకె ఉన్నా పారే పెట్రోలు ఒకటి కాదని షాపులో చెప్పడంతో వాటి జోలికి పోలేదు. క్లిప్ ఒక గాడి దించాను, గాలి స్క్రూ ఒకటింబావు చుట్టు విప్పి ఉంది. ఇవన్నీ తేదీతో సహా సీటు కింద పెట్టిన చిన్న పుస్తకంలో రాశాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద పూర్తి రేసులో నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్ చూస్తే లేత గోధుమ రంగులో ఉంది. తడబాటు పోయింది. అయితే ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్ ఇంకా కొంచెం పెరుగుతోంది.

రాణిగంజ్ మెకానిక్:
ఎడమ వైపు మాగ్నెట్ కవర్ తీసి, దాని వెనకున్న క్రాంక్ సీల్ (ఇంజిన్‌లోకి బయటి గాలి చొరకుండా ఆపే రబ్బరు వలయం) చూడండి. అక్కడ తడిగా, జిడ్డుగా ఉంటే ఇంకా దొంగగాలి వస్తున్నట్టే. ఆ సీల్ మార్చే వరకు పూర్తి రేసులో నడపవద్దు. వచ్చేటప్పుడు ఆ పుస్తకం కూడా తీసుకురండి.

కొత్తపేట ఇంజినీర్:
సీల్ సంగతి నాకు తట్టలేదు. మెకానిక్ గారు చెప్పినట్టే చేయండి.