బరంపురంలో బస చేసి గంజాం తీరం చూడాలంటే ఏ క్రమంలో వెళ్లాలి?

ప్రశ్న: కొత్త బరంపురవాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఇటీవలే బరంపురానికి బదిలీ అయి వచ్చాము. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి నెలాఖరులో మా అత్తమామలు, ఆడపడుచు కుటుంబం తెనాలి నుండి వచ్చి మూడు రోజులు మా ఇంట ఉంటారు. మామగారు హైస్కూలులో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. రాతి మీద నాలుగు అక్షరాలు కనిపిస్తే భోజనం వేళ కూడా మరచిపోతారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున మెట్లు ఎక్కలేరు. పిల్లలు మాత్రం సముద్రపు తాబేళ్లను చూపించమని ఫోనులో రోజూ అడుగుతున్నారు.

ఇక్కడి ట్రావెల్స్ వారొకరు ఉదయం ఆరింటికి బయలుదేరి ఒకే రోజులో తారాతరిణి కొండ గుడి, చిలికా సరస్సు, గోపాల్‌పూర్ సముద్రతీరం మూడూ చూపించి రాత్రి ఎనిమిదికి ఇంటి దగ్గర దించుతామంటున్నారు. అది సాధ్యమేనా? సాధ్యమైనా అందులో చూసిన తృప్తి ఏమైనా ఉంటుందా? తాబేళ్లు ఆ సమయానికి కనిపిస్తాయా? వీటి గురించి తెలుగులో వివరించి చెప్పగలవారు ఎక్కడైనా దొరుకుతారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఛత్రపురం పాఠకుడు

ఆ ఒక్క రోజు ప్రయాణానికి ఒప్పుకోకండి. తారాతరిణి ఒక దిక్కున, చిలికా మరొక దిక్కున, గోపాల్‌పూర్ ఇంకొక దిక్కున ఉన్నాయి కనుక రోజంతా బండిలోనే గడిచిపోతుంది. ఇటువంటి ప్యాకేజీలో వెళ్లిన మా బంధువులకు గోపాల్‌పూర్ చేరేసరికి చీకటి పడింది. అలల చప్పుడు విని తిరిగి వచ్చారు.

నా సలహా ఏమిటంటే, చూడవలసిన స్థలాలను విడివిడిగా లెక్కపెట్టుకోకుండా ఋషికుల్య నదిని పట్టుకొని ఎగువ నుండి దిగువకు రండి. గంజాం జిల్లా చరిత్రలో చాలా భాగం ఆ నది ఒడ్డునే జరిగింది.

మొదటి రోజు పురుషోత్తంపూర్ వైపు వెళ్లండి. అక్కడికి దగ్గరలోని జౌగడలో అశోకుడు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో చెక్కించిన శాసనాలు ఉన్నాయి. భువనేశ్వర్ దగ్గరి ధౌలి పేరు అందరికీ తెలుసు కానీ, దానికి జంటగా నిలిచే జౌగడకు మన జిల్లావారే వెళ్లరు. ధౌలిలో తోసలి నగర అధికారులను ఉద్దేశించి చెప్పిన ప్రత్యేక ఆజ్ఞలను అశోకుడు ఇక్కడ సమాపా నగరపు మహామాత్రులకు, అంటే ఉన్నతాధికారులకు చెప్పాడు. మీ మామగారిని బయలుదేరే ముందే ఒక ప్రశ్న అడిగి ఉంచండి: గుజరాత్‌లోని గిర్నార్ వంటి చోట్ల 14 శాసనాలు వరుసగా ఉండగా, ధౌలిలోనూ జౌగడలోనూ 11, 12, 13 ఎందుకు లేవు? కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నరమందిని చెరపట్టి తీసుకుపోయారనీ అశోకుడు పశ్చాత్తాపంతో చెప్పుకొన్నది ఆ 13వ శాసనంలోనే. దెబ్బతిన్న జనం నివసించే గడ్డ మీద మాత్రం ఆ మాట చెక్కించలేదు; దానికి బదులు ‘మనుషులందరూ నా బిడ్డలు’ అనే ప్రత్యేక శాసనం పెట్టించాడు. పాలకుడి ఈ జాగ్రత్త గురించి వారు ఒక పూటంతా మాట్లాడగలరు. అక్షరాలు బాగా అరిగిపోయాయి, పైగా రక్షణ ఏర్పాట్లకు ఇవతలి నుండే చూడాలి కనుక ఇంట్లో దుర్భిణీ ఉంటే వెంట తీసుకువెళ్లండి.

అదే రోజు తారాతరిణి దర్శనం కూడా పూర్తవుతుంది. కొండకు 999 మెట్లు ఉన్నా, పైదాకా వాహనాలు వెళ్లే రోడ్డు ఉంది కాబట్టి అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు. రోప్‌వే కూడా ఉంది కానీ, ఆ రోజు నడుస్తున్నదో లేదో కిందనే అడిగి తెలుసుకోండి. పై నుండి కింద మలుపు తిరిగే ఋషికుల్యను చూడటానికైనా ఆ కొండ ఎక్కవలసిందే. చైత్రమాసపు మంగళవారాల్లో పిల్లల పుట్టువెంట్రుకలు ఇచ్చే జనంతో కాలు పెట్టే చోటు ఉండదు. జనవరిలో ఆ బాధ లేదు.

రెండవ రోజు జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళ్లి, ఋషికుల్య దాటగానే గంజాం పట్టణంలో పోటగడ కోట చూడండి. ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల చేతికి వచ్చిన కొద్దికాలానికే, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే రెసిడెంటు (కంపెనీ ప్రతినిధి) ఇక్కడ మకాం పెట్టి కట్టించిన నక్షత్రాకారపు కోట ఇది. 1815లో విషజ్వరాలు ప్రబలి జనం పెద్ద సంఖ్యలో చనిపోవడంతో ప్రభుత్వ కచేరీలు గంజాం వదిలి బరంపురానికి తరలిపోయాయి. జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇప్పుడు రహదారి పక్కన ఒక చిన్న పట్టణంగా మిగలడానికి కారణం అదే.

జవాబు: బరంపురం కోడలు

పై వారు చెప్పిన క్రమం చరిత్ర తెలిసినవారికి బాగుంటుంది కానీ, ఇంటిల్లిపాదినీ పోటగడకు తీసుకువెళ్లడం మంచిది కాదని నా అభిప్రాయం. శిథిలమైన గోడల మధ్య, పొదల మధ్య ఎగుడుదిగుడు నేల మీద నడవాలి. నీడలో కూర్చోవడానికి చోటు వెతుక్కోవాలి. పిల్లలు పావుగంటకే విసుగు పడతారు. మామగారిని, తోడుగా మరొకరిని అక్కడికి పంపి, మిగిలినవారు ఆ పూట బరంపురంలోనే ఉండవచ్చు.

బరంపురాన్ని మనవాళ్లు రైలు దిగే ఊరుగానే చూస్తారు, ఇది నాకు ఎప్పుడూ లోటుగానే అనిపిస్తుంది. పట్టుచీరలు నేసే దేవాంగుల వీధులు ఇక్కడ ఉన్నాయి, వారిలో చాలామంది ఇళ్లలో నేటికీ తెలుగే మాట్లాడతారు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) కూడా ఉంది. అంచులో గుడి గోపురాల్లా వరుసగా నిలిచే ‘ఫోడ కుంభ’ నమూనాను చీర కొనేటప్పుడు కాదు, మగ్గం మీద ఉన్నప్పుడు చూడాలి. అంచు దారం ఒక రంగు, ఒంటి దారం మరొక రంగు అయినప్పుడు ఆ రెండూ కలిసే చోట గోపురపు పళ్లు ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. ఒక్క పోగు తప్పినా పన్ను వంకరపోతుంది కనుక నేసే మనిషి అక్కడికి వచ్చేసరికి మాట ఆపేస్తాడు. ఆడవారికి చీర, మగవారికి పంచె, ఉత్తరీయం కలిపిన ‘జోడ’ రెండూ నేస్తారు. మీ అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని హాయిగా చూడవచ్చు. కొనదలచుకుంటే సహకార సంఘాల దుకాణాల్లో ధర అడిగి తెలుసుకున్న తరువాతే బజారుకు వెళ్లండి. అప్పడాలు, ఊరగాయలు ఎలాగూ కొంటారు.

రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరిగారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే అని మామగారికి గుర్తు చేయండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కనుక, పాత తరం తెలుగు కుటుంబాల్లో మద్రాసు చదువుల కథలు ఇప్పటికీ వినిపిస్తాయి. అటువంటి పెద్దవారొకరు మీ వీధిలోనే ఉండవచ్చు. తెలుగులో చెప్పే గైడును వెతకడం కంటే వారిని పలకరించి ఒక పూట వెంట రమ్మనడం మేలు.

జవాబు: ఋషికుల్య మొగ

మాది ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి, అంటే మొగకు, దగ్గరలోని మత్స్యకార పల్లె. పొరుగువారు మమ్మల్ని నోలియాలని పిలుస్తారు, మా ఇళ్లలో మాట తెలుగే. తాబేళ్ల గురించి నేను చెబుతాను.

జనవరి నెలాఖరు తొందర. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రావడం ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. అది కూడా తేదీ చెప్పి రాదు. గాలి తిరగాలి, ఇసుక తిన్నె అనుకూలంగా ఉండాలి, కొన్ని సంవత్సరాలు అసలు రావు కూడా. వచ్చిన రాత్రి చూడగలిగితే ఒక్క తాబేలును ఎంచుకుని, దానికి వెనుక వైపు దూరంగా, దీపం లేకుండా కూర్చోవాలి. వెనుక కాళ్లతో ఒకదాని తరువాత ఒకటిగా, గరిటెతో తోడినట్లు ఇసుక తోడి, లోపల నూరుకు అటూఇటూగా గుడ్లు పెట్టి, గుంట పూడ్చాక ఒంటిని ఇటూ అటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దబదబా తొక్కుతుంది. ఆ చప్పుడు కొంత దూరం వరకు వినిపిస్తుంది. తరువాత వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి పోతుంది. సుమారు నలభై అయిదు నుండి యాభై అయిదు రోజులకు పిల్లలు బయటికి వస్తాయి; వెలుతురు ఎటు ఉంటే అటే నడుస్తాయి కనుక ఫోను టార్చి, కెమెరా ఫ్లాషు వాటికి ప్రాణాంతకం. అటవీశాఖవారు ఆ రోజుల్లో కంచె వేసి కాపలా పెడతారు, వారు చెప్పిన చోటే నిలబడాలి.

జనవరిలో మీ పిల్లలను మొగ దగ్గరికి తీసుకొస్తే నీటి మీద తల ఎత్తే తాబేలు కనిపిస్తే కనిపించవచ్చు. అయితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లు కూడా కనిపిస్తాయి, వాళ్లకు ముందే చెప్పి తీసుకురండి. వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. అందుకే నవంబరు 1 నుండి మే 31 వరకు ఈ మొగ ఎదుట ఇరవై కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధం. తాబేళ్లు మిగలాలన్నది మాకూ ఇష్టమే కానీ, ఆ ఏడు నెలలూ ఇల్లు గడవడం గురించి అడిగే సందర్శకులు తక్కువ. మీ పిల్లలను అడగనివ్వండి. వీలైతే మార్చిలో మళ్లీ రమ్మనండి.

జవాబు: పర్లాకిమిడి పాతకాపు

గోపాల్‌పూర్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికల్లా చేరితే సాధారణంగా లైట్‌హౌస్ ఎక్కనిస్తారు. మెట్లు ఇరుకు, అత్తయ్యగారిని కింద కూర్చోబెట్టండి. ఒకప్పుడు ఇది రేవు. ఓడలు ఒడ్డుకు రాలేక లోపలే లంగరు వేస్తే, కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషులను, సరుకును అలల మీదుగా చేర్చేవారు. మన శ్రీకాకుళం, గంజాం కూలీలు వేలాదిగా రంగూన్‌కు వెళ్లింది ఇక్కడి నుండే. 1942లో రంగూన్ జపాను వశమయ్యాక ఆ రాకపోకలు ఆగిపోయి ఊరు చిన్నబోయింది. పాత గిడ్డంగుల గోడలు, బంగళాలు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. 2013 అక్టోబరులో పైలిన్ తుఫాను తీరం దాటింది కూడా ఇక్కడే. ఒడ్డు నిటారుగా దిగుతుంది, లోపలికి లాగుడు ఎక్కువ; పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి.

ఇక్కడి నుండి పర్లాకిమిడి కూడా చూద్దామని మీ మామగారు తప్పక అంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, గజపతుల కోట ఉన్న ఊరు, కనుక వద్దనలేను. అయితే మా ఊరికి ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. ఈ మూడు రోజుల్లో ఇరికించవద్దు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. పర్లాకిమిడిని వేసవికి వాయిదా వేస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది: రెండవ రోజు పోటగడ తరువాత పిల్లల కోసం చిలికా వరకు వెళ్లవచ్చా? డాల్ఫిన్లు కనిపిస్తాయా?

జవాబు: ఛత్రపురం పాఠకుడు

వెళ్లవచ్చు, అయితే రంభ వరకే. డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించేది పూరీ వైపున్న సాతపడా దగ్గర. అంత దూరం ఆ రోజు కుదరదు, రంభలో ఎవరైనా డాల్ఫిన్ల పేరు చెప్పి పడవ ఎక్కమంటే నమ్మవద్దు. శీతాకాలం కనుక వలస పక్షులు మాత్రం పుష్కలం. దారిలో హుమ్మా దగ్గర ఉప్పు మళ్లు ఉన్నాయి, పిల్లలకు బండి ఆపి చూపించండి. రంభలో ఒడిశా పర్యాటక శాఖ అతిథిగృహం పంథనివాస్ దగ్గర పడవలు ఉంటాయి. తిరుగు సమయం, లైఫ్ జాకెట్లు, మొత్తం ధర మూడూ ఎక్కకముందే మాట్లాడుకోండి. మధ్యాహ్నం తరువాత సరస్సు మీద గాలి పెరుగుతుంది కాబట్టి ఉదయం నేరుగా రంభకు వెళ్లి పడవ ప్రయాణం ముగించుకుని, పోటగడను తిరుగు దారిలో పెట్టుకోండి. అప్పుడు బరంపురం కోడలుగారు చెప్పినట్లు ఎవరూ విడిపోనవసరం లేదు; మామగారు కోట చూసి వచ్చేవరకు మిగిలినవారు గంజాం బజారులో టీ తాగవచ్చు. పట్టు మగ్గాలకు మూడవ రోజు ఉదయం, గోపాల్‌పూర్‌కు ఆ సాయంత్రం సరిపోతాయి.