పెద్ద వాల్తేరు, లాసన్స్ బే వైపు ఇప్పుడు ఎలాంటి జనం ఉంటున్నారు?

కొత్తకాపు:
హైదరాబాద్ నుంచి వైజాగ్ మారుతున్నాం, ఆఫీసు రుషికొండ వైపు. అందరూ మధురవాడలో తీసుకోమంటున్నారు గానీ మా ఆవిడకి లాసన్స్ బే, పెద్ద వాల్తేరు నచ్చాయి. బ్రోకరేమో "ఫుల్ పాష్ ఏరియా సార్, అందరూ డాక్టర్లు, ఎన్నారైలే" అన్నాడు. కాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కన చేపలు ఎండబెట్టి ఉన్నాయి. ఇంతకీ అక్కడ ఎవరుంటున్నారు? పాతవాళ్ళు ఉన్నారా, వెళ్ళిపోయారా? అద్దెకి వచ్చినవాళ్ళతో కలుస్తారా? వార్డు లెక్కలేవైనా ఉంటే పెట్టండి.

వాల్తేరోడు:
బ్రోకర్ చెప్పింది సగం నిజం. నేను పుట్టింది పెద్ద వాల్తేరులోనే, ఇప్పటికీ ఇక్కడే. ఒకప్పుడు మాది వాల్తేరు అంటే చాలు, ఇక్కడున్న మెంటల్ హాస్పిటల్ మీద జోకులు మొదలెట్టేవారు, పెళ్ళి సంబంధాలప్పుడు మా పెద్దవాళ్ళు "యూనివర్సిటీ దగ్గరండీ" అని చెప్పుకునేవారు. ఇప్పుడు గజం రేటు అడిగితే ముందు కూర్చోమని మంచినీళ్ళిస్తారు.

పాతవాళ్ళ సంగతంటారా, స్థలం ఉన్నవాళ్ళు చాలామంది కదల్లేదు. ఇక్కడ ఇల్లు అమ్ముకుని పోవడం కంటే బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇవ్వడమే ఎక్కువ. పెంకుటిల్లు పడగొట్టి గ్రూప్ హౌస్ లేపుతారు, ఫ్లాట్లు ఓనర్‌కి సగం, బిల్డర్‌కి సగం, అన్నదమ్ములు తలా ఒకటి తీసుకుని అక్కడే ఉంటారు, మిగిలింది అద్దెకిస్తారు. బిల్డర్ వాటాలోవి కొనేది బయటవాళ్ళు: స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో రిటైరైనవాళ్ళు, నేవీ కుటుంబాలు, డాక్టర్లు, పిల్లల చదువుకని శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళు, అమెరికాలో ఉండి ఇక్కడ ఒకటి ఉంచుకుందామని కొన్నవాళ్ళు. ఈ చివరివాళ్ళ ఫ్లాట్లకి ఎక్కువగా తాళాలే, సంక్రాంతికి మాత్రం లైట్లు వెలుగుతాయి. లిఫ్ట్‌లో లుంగీ కట్టుకుని పాలప్యాకెట్ పట్టుకున్న పెద్దాయన కనిపిస్తే వాచ్‌మన్ అనుకునేరు, ఆ స్థలం ఆయనదే అయ్యుంటుంది.

వెళ్ళిపోయింది అద్దెవాళ్ళు. పెరట్లో పోర్షన్లుండేవి, ఒక గది, ఒక వంటిల్లు, నుయ్యి అందరికీ ఒకటే. ఆటోవాళ్ళు, హాస్పిటళ్ళలో చిన్న ఉద్యోగాలవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, యూనివర్సిటీ కుర్రాళ్ళు ఉండేవారు. పెంకుటిల్లుతో పాటే పోర్షన్లూ పోయాయి. వాళ్ళకి వాటా ఏముంటుంది, అడ్వాన్స్ చేతిలో పెట్టి పంపేశారు. ఆరిలోవ, కొమ్మాది, మధురవాడ అవతలకి పోయారు, కొందరు ఇప్పటికీ పొద్దున్నే షేర్ ఆటోల్లో పనికి ఇక్కడికే వస్తారు. కరకచెట్టు పోలమాంబ పండక్కి ఒకసారి వచ్చి చూడండి, ఆ జనమంతా పిల్లలతో సహా దిగుతారు.

లెక్కలపిచ్చి:
వార్డు లెక్కలు అడిగారు కదా. చివరి జనాభా లెక్కలు 2011వి, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) మొత్తానికి 17 లక్షల పైచిలుకు. ఈ ఏరియా మారింది ఎక్కువగా ఆ తర్వాతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి పెంకులూ రేకులూ లేచిపోయాక, మళ్ళీ కప్పించే ఖర్చు కంటే బిల్డర్‌కిచ్చేయడం నయమనుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. 2019 డిసెంబర్‌లో వైజాగ్ కూడా ఒక రాజధాని అంటూ మూడు రాజధానుల మాట రాగానే బ్రోకర్లు రేట్లు ఎత్తేశారు, ఇప్పుడు టీసీఎస్, గూగుల్ పేర్లు చెప్పి ఇంకోసారి. పైగా అప్పటి 72 వార్డులు 2021 ఎన్నికల నాటికి 98 అయ్యాయి, పాత వార్డు అంకె తెచ్చి కొత్త వార్డుకి అతికిస్తే కుదరదు. అందుకని "ఇక్కడ ఇంత శాతం ఐటీవాళ్ళు" అని ఎవరైనా చెబితే వినేసి ఊరుకోండి.

ఇంటిపన్ను సంగతి కూడా ఎవరూ చెప్పరు. ఇదివరకు అద్దె విలువను బట్టి వేసేవారు, 2021 నుంచి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు, సరే, కానీ పెన్షన్ మీద పాత డాబా ఇంట్లో ఉంటున్న ఆయనకి ఏటా అంత పెరిగినా కష్టమే. పక్కనేమో బిల్డర్ రోజూ ఫోన్ చేస్తుంటాడు.

అద్దెకొంప:
వాల్తేరోడు గారూ, "అడ్వాన్స్ చేతిలో పెట్టి పంపేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ పంపేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. మా అమ్మ జంక్షన్ దగ్గర టిఫిన్ బండి నడిపేది, కొమ్మాది నుంచి తెల్లారగట్ల నాలుగింటికి పిండి గిన్నెలేసుకుని ఏ ఆటోలో వస్తుంది? బండి మానేసింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఏసీ కేఫ్‌లు, కాఫీ 200. ఓనర్లకి ఫ్లాట్లొచ్చాయి, సంతోషమే, కాదనను, కానీ ఏరియా బాగుపడింది అనేటప్పుడు ఎవరికి బాగుపడిందో కూడా రాయండి.

కొత్తకాపు గారికి: అద్దెకి అడిగితే కొందరు ఓనర్లు ముందు "మీరేవిట్లు?" అంటారు, తర్వాత నాన్‌వెజ్ తింటారా అంటారు, జీతం ఆ తర్వాత. రోడ్లు కొత్తవి గానీ ఆ ప్రశ్నలు పాతవే. చేరాక మాత్రం బాగానే కలుస్తారు, వినాయకచవితి చందా తీసుకోకుండా ఎవరూ వదలరు.

పేట_కుర్రోడు:
ఆ ఎండుచేపలు మావే 😀 మాది జాలారిపేట, చేపలు పట్టేవాళ్ళ పేట.

మేమెందుకు పోలేదంటే, పడవ ఒడ్డునుండాలి, వల బాగుచేసుకోడానికి చోటుండాలి. మధురవాడలో ఫ్లాటిస్తే పడవ పార్కింగ్‌లో పెట్టుకుంటామా? పైగా ఒడ్డుని ఆనుకుని సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఆంక్షలు) నిబంధనలు, సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకోవాలి, బిల్డర్లకి ఇటు పని లేదు. ఇళ్ళలో మనుషులు పెరిగారు, స్థలం పెరగలేదు, మేడ మీద మేడ వేసుకుంటున్నాం. మా ఈడువాళ్ళు చాలామంది వేటకి వెళ్ళడం లేదు, డెలివరీలూ డ్రైవింగూ చేస్తున్నారు, కొందరు అవే ఫ్లాట్లకి పార్సిళ్ళు పట్టుకెళ్తారు.

ఫ్లాట్లవాళ్ళతో గొడవేం లేదు గానీ ఒకటుంది. పొద్దున ఒడ్డుకొచ్చి కోనాం, చందువ గీచిగీచి బేరమాడి కొనేదీ వాళ్ళే, సాయంత్రం అసోసియేషన్ గ్రూపులో వాసన అని కంప్లైంట్ పెట్టేదీ వాళ్ళే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రోజుల్లో వాసనుండదు. అప్పుడొచ్చి ఇల్లు చూసుకుని అగ్రిమెంట్ రాసుకున్నవాళ్ళు తర్వాత మా మీద పడతారు. మీరు ఏ నెలలో చూశారు?

కొత్తకాపు:
జనవరిలో చూశాం బ్రదర్, వాసన వచ్చింది, మా ఆవిడది భీమవరం వైపు, తనకేం ఇబ్బంది లేదు. అందరికీ థాంక్స్, బ్రోకర్ వీటిలో ఒక్కటి కూడా చెప్పలేదు. రెండు చూశాం, ఒకటి బీచ్‌కి దగ్గర్లో, ఇంకోటి కొంచెం పైన యూనివర్సిటీ వైపు. ఏది నయం?

వాల్తేరోడు:
పైన తీసుకోండి. కిందవైపు బోర్లలో కొన్నిచోట్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గీజరూ కుళాయిలూ తొందరగా పోతాయి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కి తుప్పు పడుతుంది. జీవీఎంసీ కుళాయి కనెక్షన్ ఉందా, ఎన్నింటికి వదులుతారు, ఈ రెండూ వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్‌ని కాదు. రెండో బండికి పార్కింగ్ కూడా అగ్రిమెంట్‌లో రాయించుకోండి.