బోద్‌లేర్ ఆఖరి పాదంలో ఉన్నది ‘జొరె’ యా, ‘జ్యూస్’ ఆ?

గట్టుమీద చదువరి:
పెద్దలకు నమస్కారం. చాలా ఏళ్ళ కిందట ఫ్రెంచి తరగతిలో మా మాష్టారు నల్లబల్ల మీద రాసిన ఒక పాదం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. దారిన పోయే స్త్రీని ఉద్దేశించి ఫ్రెంచి కవి బోద్‌లేర్ రాసిన సానెట్టులో (పద్నాలుగు పాదాల పద్యంలో) ఆఖరి పాదం అది. ‘ఓ త్వా క జొరె ఎమే, ఓ త్వా కి ల సవె’ అని నాకు జ్ఞాపకం. ‘నిన్ను నేను ప్రేమించి ఉండేవాణ్ణి, ఆ సంగతి నీకూ తెలుసు’ అని ఆయన అర్థం చెప్పారు. ఇప్పుడు మా చెల్లెలికి ‘కొందీస్యొనెల్ పాసే’ (‘చేసి ఉండేవాణ్ణి’ అనే షరతు భూతకాలం) నేర్పుతూ, ‘అవ్వార్’ అనే సహాయక క్రియ షరతురూపం పక్కన భూతకృదంతం పెడితే ‘జొరె ఎమే’ వస్తుందని ఈ పాదాన్నే చూపించబోయాను. తీరా కాగితం మీద పెట్టి పైకి చదివితే నడక ఎక్కడో తడబడుతోంది. సరైన పాఠం ఎవరికైనా గుర్తుందా?

యతిమైత్రి:
తడబడక తప్పదు, ఎందుకంటే అందులో ఒక అక్షరం ఎక్కువైంది. అది అలెగ్జాండ్రిన్ పాదం కాబట్టి పన్నెండు అక్షరాలు ఉండాలి, ఆరో అక్షరం దగ్గర విరుపు రావాలి. మీరు రాసినట్టు చదివితే ఓ, త్వా, క, జొ, రె, జె, మే అని మొదటి సగమే ఏడు అక్షరాలవుతుంది. అసలు పాఠం ‘క జ్యూస్ ఎమే’. ‘జ్యూస్’ చివర ఉన్న మూగ అచ్చు తరవాతి ‘ఎ’లో కలిసిపోయి ఓ, త్వా, క, జ్యూ, సె, మే అని సరిగ్గా ఆరు వస్తాయి. మన అత్వసంధి తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు. తెలుగు లిపిలో రాసేసరికి పళ్ళరసంలా కనబడుతున్నందుకు మాత్రం క్షమించాలి.

లాతినాభిమాని:
యతిమైత్రి గారు అక్షరాలు సరిగానే లెక్కపెట్టారు, కానీ అసలు గొడవ అక్షరాలది కాదు. ‘జ్యూస్ ఎమే’ని పాత వ్యాకరణాలు ‘కొందీస్యొనెల్ పాసే రెండో రూపం’ అనేవి. నిజానికి అది సబ్జోంక్తిఫ్ (ఊహను, జరగనిదాన్ని చెప్పే క్రియారూపం) ప్లూ-క-పార్ఫే, అంటే లాటిన్ ‘హబుఇస్సెమ్’కు వారసుడు. ‘జొరె’ పుట్టుక వేరు. క్రియ మూలరూపానికి ‘హబేబమ్’ తగిలించగా వచ్చిన కొత్త కాపు అది. జరగని సంగతి చెప్పడానికి లాటిన్ షరతు వాక్యంలోనూ, ఫలిత వాక్యంలోనూ సబ్జోంక్తిఫే వాడేది. ఆ అలవాటు ఫ్రెంచి గ్రాంథికంలో మిగిలిపోయింది, అంతే. కాబట్టి చెల్లెలికి కొందీస్యొనెల్ నేర్పడానికి ఈ పాదం పనికిరాదు.

అనువాదకురాలు:
లాతినాభిమాని గారూ, పనికిరాదని అంత తొందరగా కొట్టేయకండి. పాస్కల్ క్లియోపాత్రా ముక్కు గురించి అన్న మాట తీసుకోండి. ‘అది మరికాస్త పొట్టిదై ఉంటే భూమి ముఖమంతా మారిపోయి ఉండేది’ అన్న ఆ వాక్యంలో ‘సి’ (‘అయితే’ అనే మాట) పక్కన ‘జ్యూస్’ జాతికి చెందిన ‘యూ ఎతే’ ఉంది, ప్రధాన వాక్యంలో ‘జొరె’ జాతికి చెందిన ‘ఒరె శాంజే’ ఉంది. రెండు రూపాలూ ఒకే చూరు కింద కాపురం చేస్తున్నాయి. అది వచనం కనుక అక్కడ ఛందస్సు ఒత్తిడి ఏమీ లేదు.

లాతినాభిమాని:
నా వాదానికి అంతకంటే మంచి సాక్ష్యం నేనే తేలేకపోయేవాణ్ణి. ‘సి’ తరవాత ‘ఒరె’ రాకూడదని ఫ్రెంచి బడిపిల్లలందరికీ నూరిపోస్తారు. ‘రంపాలకు చారలు గిట్టవు’ అనే అర్థం వచ్చే శ్లేష ఒకటి ఇందుకోసమే ఉంది, ఎందుకంటే ఆ భాషలో ‘సి’ అంటే రంపం కూడా, ‘రె’ అంటే చార కూడా. అలాంటి ‘సి’ పక్కన ‘యూ’ దర్జాగా కూర్చోగలిగిందంటే అది కొందీస్యొనెల్ జాతి కాదనే కదా అర్థం.

గట్టుమీద చదువరి:
ఆ నియమం దగ్గరే మా చెల్లెలు రోజూ బోల్తా పడుతోంది. ‘నువ్వు చెప్పి ఉంటే వచ్చి ఉండేదాన్ని’ అనే వాక్యాన్ని రెండు వైపులా ‘ఒరె’ పెట్టి రాస్తోంది. తెలుగులో రెండు చోట్లా ‘ఉండు’ ధాతువే కనబడుతుంది కాబట్టి ఫ్రెంచిలోనూ ఒకే రూపం ఉండాలని దాని వాదన.

అనువాదకురాలు:
అమ్మాయి వాదనలో న్యాయం ఉంది, తీర్పు మాత్రం ఆమెకు వ్యతిరేకంగానే వస్తుంది. ‘చెప్పి ఉంటే’ అన్న చోట ‘తు మ లవె ది’ అని ప్లూ-క-పార్ఫే (అంతకు ముందే జరిగినదాన్ని చెప్పే భూతకాలం) పెట్టాలి, ‘వచ్చి ఉండేదాన్ని’ అన్న చోట ‘జ సరె వన్యూ’ రావాలి. ‘వచ్చు’ అనే క్రియ ‘అవ్వార్’ ఇంటిది కాదు, ‘ఎత్ర్’ అనే రెండో సహాయక క్రియ ఇంటిది. అందుకే ‘జొరె’ పోయి ‘సరె’ వచ్చింది, రాసేది ఆడపిల్ల కాబట్టి ‘వన్యూ’ చివర వినబడని ఒక ‘e’ అక్షరం కూడా చేరుతుంది. ఈ తప్పులన్నీ ఒకే నోట వినాలంటే 1962లో ఈవ్ రోబేర్ తీసిన బొత్తాల యుద్ధం సినిమాలో ఆ చిన్న కుర్రవాడి మాట వినిపించండి. ‘సి జొరె స్యూ, జొరె పా వ్నూ’ (తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి కాదు) అంటాడు వాడు. ‘సి’ పక్కన ‘ఒరె’ ఉంది, ‘సరె’ ఉండాల్సిన చోట ‘జొరె’ ఉంది, నిషేధంలో సగం ఎగిరిపోయింది (‘న’ పోయి ‘పా’ మిగిలింది). ఫ్రాన్సులో ఆ మాట తెలియనివారు తక్కువ.

యానాం మనవడు:
1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు మాది. అక్కడి బడిలో చదివిన మా తాతగారు ‘జ్యూస్’ జాతి రూపాలను పుస్తకంలో చూసినప్పుడు మాత్రమే పలికేవారు. మాట్లాడేటప్పుడు అంతా ‘జొరె’యే. అయితే కోర్నేయ్ 1637 నాటి నాటకంలో షిమేన్, రోద్రిగ్ ఒకరినొకరు ‘కి ల్యూ క్ర్యూ’, ‘కి ల్యూ ది’ అని అడుగుకునే చోటు వస్తే లేచి నిలబడి చదివేవారు. ‘ఎవరు అనుకుని ఉంటారు, ఎవరు చెప్పి ఉంటారు’ అని ఇద్దరూ చెరొక మాట అంటారు. అక్కడ ‘లొరె’ పెట్టి చదవండి చూద్దాం, ఆ ఇద్దరి దుఃఖమూ దుకాణం దగ్గర బేరంలా వినబడుతుంది.

యతిమైత్రి:
అక్కడా సంగతి అదే, ‘ల్యూ’ అంటే ఒక అక్షరం, ‘లొరె’ అంటే రెండు. దుఃఖం సంగతి తరవాత, ముందు లెక్క చూడండి. బోద్‌లేర్ పాదంలో ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. ‘ఎమే’ చివర స్త్రీలింగ సూచకంగా ఒక మూగ అచ్చు ఉంది. అచ్చు వెనక అలాంటి మూగ అచ్చు వచ్చే పదాన్ని పాదం మధ్యలో వాడితే, తరవాతి పదం తప్పనిసరిగా అచ్చుతోనే మొదలుకావాలని పాత ఛందోనియమం. అందుకే విరుపు దాటగానే ‘ఓ’ వచ్చింది. అది సంబోధనే కాదు, నియమపాలన కూడా.

అనువాదకురాలు:
ఇక్కడే నా పాత అనుమానం బయటపెడతాను. ఫ్రెంచి పాదంలో ఆ మూగ అచ్చు ప్రేమ పొందవలసిన వ్యక్తి లింగాన్ని చెబుతుంది, ప్రేమించేవారి లింగాన్ని చెప్పదు. తెలుగులో ‘ప్రేమించి ఉండేవాణ్ణి’ అనగానే దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. మాట్లాడేది మగవాడని తెలుస్తుంది, ఎదుటివారు ఎవరో తెలియదు. అంటే మాష్టారి అనువాదంలో ఆమె కనబడకుండా పోయి, ఆయన ఒక్కడే మిగిలాడు. అందుకని నేను ‘నిన్ను వలచియుందును’ అంటాను. ‘ఉందును’కు లింగం లేదు, పైగా అది కూడా ‘జ్యూస్’ లాగే వాడుక తప్పిన రూపం. పాతదానికి పాతది సరిపోతుంది.

లాతినాభిమాని:
కానీ ‘వలచియుందును’ అంటే ‘బహుశా వలచే ఉంటాను’ అనే ఊహ కూడా స్ఫురిస్తుందే! ఆయన చెప్పేది ఊహ కాదు, జరగకుండా పోయినది.

యానాం మనవడు:
ఆ మాటకొస్తే ‘ప్రేమించేవాణ్ణి’ అన్నా చాలు కదా. ‘నువ్వు పిలిస్తే వచ్చేవాణ్ణి’ అన్న వాక్యానికి తెలుగులో రెండు అర్థాలు ఉన్నాయి. పిలిచినప్పుడల్లా వచ్చానని ఒకటి, పిలవలేదు కాబట్టి రాలేదని మరొకటి. ఫ్రెంచి ఎంపార్ఫే (‘చేసేవాణ్ణి’ లాంటి భూతకాల రూపం) కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. ‘అం పా ద ప్లూస్, ఎ జ తోంబె’ అంటే మనం అన్నట్టే ‘ఇంకొక్క అడుగు వేస్తే పడిపోయేవాణ్ణి’ అని. పడలేదన్న సంగతి వినేవాడికి తెలుస్తూనే ఉంటుంది.

అనువాదకురాలు:
అలా అంటే ఆ రెండో సగంలోని ‘సవె’ సంగతి ఏమిటి? అది కూడా ఎంపార్ఫేయే. మొదటి సగం జరగని ప్రేమ, రెండో సగంలో ‘ఆ సంగతి నీకు తెలుసు’ అన్నది జరిగినట్టే చెప్పిన మాట. ఆ స్త్రీకి నిజంగా తెలుసా, లేక తెలుసని ఆయన అనుకున్నాడా? 1860లో ఈ పద్యం మొదట అచ్చయినప్పటి నుంచీ పాఠకులు ఆ మాట దగ్గరే ఆగుతున్నారు. పైగా పద్యం మొత్తంలో ‘సి’ అనే మాటే లేదు. ఏ షరతు తీరి ఉంటే ప్రేమించి ఉండేవాడో ఆయన ఎక్కడా చెప్పలేదు.

లాతినాభిమాని:
చెప్పకపోవడం గురించే అయితే పత్రికల కొందీస్యొనెల్‌ను కూడా తలుచుకోవాలి. ‘మంత్రి ఒరె దెమిస్యొనే’ అని రాస్తే ‘రాజీనామా చేశారట’ అని అర్థం. షరతు లేదు, పూచీ కూడా లేదు. మన ‘అట’ రెండక్షరాలతో చేసే పనికి వాళ్ళు ఒక క్రియారూపాన్నే కేటాయించారు.

గట్టుమీద చదువరి:
మీ చర్చ చదివాక అటక మీది పాత నోటుపుస్తకం దించాను. పాదం ఉంది. నా చేతివ్రాతలో ‘జొరె’ అనే ఉంది, దాని కింద మాష్టారి ఎర్ర సిరా గీత ఉంది. పైన దిద్దుబాటు లేదు, పక్కన వ్యాఖ్య లేదు. ‘జొరె’ తప్పని గీశారో, దీన్ని గుర్తుపెట్టుకోమని గీశారో తెలియడం లేదు. గీత మాత్రం ‘జొరె’ దగ్గర మొదలై ‘ఎమే’ చివరి మూగ అచ్చు దాకా సాగింది.

యతిమైత్రి:
‘ఎమే’ దాకా గీశారంటే అక్షరాలు లెక్కపెట్టారన్నమాటే.

అనువాదకురాలు:
లేదా ఆ మూగ అచ్చు మీరు మరిచిపోకుండా రాసినందుకు సంతోషించారేమో.