ఓడిన దేశం చట్టాలను గెలిచిన సైన్యం మార్చొచ్చా? జపాన్ సంగతి చూడండి

కృష్ణాతీరం:
నా మాట సూటిగా చెప్తాను, మార్చకూడదు. 1907 హేగ్ నిబంధనల్లో 43వ అధికరణం ప్రకారం ఆక్రమించుకున్న సైన్యం మరీ తప్పనిసరైతే తప్ప అక్కడి చట్టాల జోలికి పోకూడదు. జపాన్‌లో జరిగిందేంటి? రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్‌ను ఆక్రమించిన సైన్యానికి అధిపతి అమెరికన్ జనరల్ మెకార్థర్. 1946 ఫిబ్రవరిలో ఆయన కార్యాలయంలో కోర్ట్నీ విట్నీ అనే అధికారి మనుషులు వారం రోజుల్లో రహస్యంగా రాజ్యాంగం ముసాయిదా రాసేసి, 13వ తేదీన జపాన్ మంత్రుల చేతిలో పెట్టారు. అది తాము రాశామన్న సంగతి పత్రికల్లో రాకుండా సెన్సార్ కూడా చేశారు. సొంత రాజ్యాంగం ఎవరు రాశారో జనానికి తెలియనివ్వకుండా ఏం ప్రజాస్వామ్యం తెచ్చినట్టు?

పాతదస్తావేజు:
కృష్ణాతీరం గారూ, సెన్సార్ విషయంలో మీతో పేచీ లేదు, అది ముమ్మాటికీ తప్పే. కానీ హేగ్ దగ్గరే ఆగిపోతే ఎలా? జపాన్ లొంగిపోయింది 1945లో మిత్రరాజ్యాలు చేసిన పోట్స్‌డామ్ ప్రకటన షరతులకు ఒప్పుకుని, ప్రజాస్వామ్యానికి అడ్డున్నవన్నీ తొలగించాలని ఆ షరతుల్లోనే ఉంది. రాజ్యాంగం మార్చుకునే అవకాశం కూడా ముందు వాళ్లకే ఇచ్చారు. అందుకు జపాన్ ప్రభుత్వం వేసిన మత్సుమోతో కమిటీ ఏం తయారుచేస్తోందో ఫిబ్రవరి 1న మైనిచి పత్రిక బయటపెడితే తేలిందేంటంటే, 1889 నాటి మెయిజీ రాజ్యాంగానికే అక్కడక్కడ మెరుగులు, అధికారమంతా మళ్లీ చక్రవర్తి పేరు మీదే.

అసలు మీరు గౌరవించమంటున్న చట్టాలు ఎలా ఉండేవో చూడండి. 1898 నుంచి అమల్లో ఉన్న కుటుంబ చట్టంలో పెళ్లికి ఇంటి పెద్ద అనుమతి కావాలి, పెద్దరికంతో పాటు ఆస్తి మామూలుగా పెద్ద కొడుక్కే పోతుంది, పెళ్లయిన ఆడమనిషి భర్త ఒప్పుకోకుండా అప్పు చేయలేదు, స్థలం అమ్మలేదు. వ్యభిచారం చేస్తే భార్యకు జైలు, భర్త పెళ్లికాని మనిషితో తిరిగితే అసలు నేరమే కాదు. ఇచికావా ఫుసాయె లాంటివాళ్లు 1920ల నుంచీ ఆడవాళ్ల ఓటు కోసం పోరాడుతున్నా రాలేదు, ఆక్రమణ మొదలయ్యాక 1945 డిసెంబర్లో వచ్చింది. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో 39 మంది మహిళలు గెలిచారు, ఆ ముసాయిదాను జూన్ నుంచి అక్టోబర్ దాకా చర్చించి సవరించింది ఆ సభే. కనీస జీవన ప్రమాణం హక్కు ఇచ్చే 25వ అధికరణం అమెరికన్ల ముసాయిదాలో లేదు, సోషలిస్టు సభ్యులు పట్టుబట్టి చేర్పించారు.

కుటుంబ చట్టం తిరగరాసింది కూడా వాగత్సుమా సకాయె, నకగావా జెన్నోసుకె లాంటి జపాన్ న్యాయశాస్త్రవేత్తలే. అమెరికన్ల తరఫున ఆ పని చూసిన ఆల్ఫ్రెడ్ ఓప్లర్ ఒకప్పుడు జర్మనీలో జడ్జి, నాజీల వల్ల దేశం వదిలినవాడు. జపాన్ చట్టం జర్మన్ పద్ధతిలో కట్టిందని తెలుసు కాబట్టి అమెరికా చట్టాన్ని తెచ్చి వాళ్ల నెత్తిన రుద్దలేదు. నా వాదన ఇంతే, చట్టం నిలబడేది స్థానికుల్లో దానికోసం అప్పటికే కొట్లాడుతున్నవాళ్లు ఉన్నచోట, వాళ్ల చేతికి కలం ఇచ్చినచోట.

ఓరుగల్లు వకీలు:
కాగితం మీద మారడం వేరు, పోలీస్ స్టేషన్లో మారడం వేరు అండీ. నిందితుడి ఒప్పుకోలు ఒక్కటే ఆధారంగా శిక్ష వేయకూడదని ఆ రాజ్యాంగం 38వ అధికరణం అంటుంది. మరి 1949లో హత్య కేసులో అరెస్టయిన మెండా సకాయె అనే అతనితో నేరం బలవంతంగా ఒప్పించి మరణశిక్ష వేశారు, పునర్విచారణలో నిర్దోషిగా తేలి బయటికొచ్చేసరికి 1983. యుద్ధం తర్వాత కోర్టు విచారణలో మామూలు పౌరులకు మళ్లీ చోటు దొరికింది 2009లో, అదీ జపాన్ వాళ్లు సొంతంగా తెచ్చుకున్న చట్టంతో. ఇది మనకు సంబంధం లేని గొడవ కూడా కాదు, మన రాజ్యాంగం 21వ అధికరణంలో "చట్టం నిర్దేశించిన పద్ధతి" అని పెట్టేటప్పుడు ముసాయిదా కమిటీ జపాన్ 31వ అధికరణాన్నే చూపించింది.

కృష్ణాతీరం:
వకీలు గారు చెప్పింది నా వైపే పడుతుంది. సైన్యం అండతో వచ్చింది కాబట్టే పైపైన ఆగింది. పైగా ఇన్నేళ్లలో ఒక్క అక్షరం మార్చలేకపోయారు, ఉభయసభల్లో మూడింట రెండొంతులు, ఆపైన రెఫరెండం అని అంత కఠినంగా పెట్టి పోయాక ఎలా మారుస్తారు?

పాతదస్తావేజు:
మార్చలేకపోవడానికి ఆ లెక్కలొక్కటే కారణం కాదండీ. ఆక్రమణ 1952 ఏప్రిల్లో ముగిసింది. 1954లో కిషి నోబుసుకే నడిపిన లిబరల్ పార్టీ కమిటీ, భార్యాభర్తలకు సమాన హక్కులిచ్చే 24వ అధికరణాన్ని కూడా సవరించాలని చూసింది. ఆపడానికి అప్పుడు మెకార్థర్ లేడు, గట్టిగా అడ్డంపడింది జపాన్ మహిళా సంఘాలే, ఆ సవరణ ముందుకు సాగలేదు.